అరవై ఎనిమిది అర్థాలు

కె అక్షరం మళ్ళీ అయిపోయింది.

ఓక్‌బున్ వేలి కొసతో అచ్చు అక్షరాల గడి అడుగంతా తడిమింది. సీసం పొడి తప్ప ఏమీ తగల్లేదు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, అందులో సగం పేర్చిన వరుస, ఆ వరుస ఆగిన చోట పడాల్సింది కె. పక్క గడిలోంచి చేతికందిన అక్షరాన్ని తీసి, తల కిందికీ అడుగు పైకీ వచ్చేలా తిరగేసి అక్కడ దూర్చింది. తిరగేసిన అక్షరం అచ్చులో రెండు నల్లటి అడ్డపట్టీలుగా పడుతుంది, చెక్కచెప్పు కింద ఉండే రెండు మడమల్లాగా. సియోల్ అచ్చాఫీసుల్లో దాన్ని చెక్కచెప్పు అనే అంటారు. ఇక్కడ పడాల్సిన అక్షరం మా దగ్గర లేదు, దొరికాక పెడతాం అని దాని భావం. పొద్దుట ఎనిమిదింటి నుంచి ఇది పదకొండో చెక్కచెప్పు.

"ఇంతగా కె తినే మాటను నేనెక్కడా చూడలేదు మాస్టారూ," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

బొగ్గు పొయ్యి పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దుతున్న యాంగ్ మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మీరింకా మూడో పేజీలోనే ఉన్నారు. మొత్తం తొమ్మిది. అరవై ఎనిమిది అర్థాలు."

"ఒక్క మాటకా?"

"ఒక్క మాటకే. బ్రేక్. ఐదక్షరాలు."

"ఏంటది, రాజుగారి పేరా, దేవుడి పేరా?"

"రెండూ కాదమ్మా. విరగడం."

ఓక్‌బున్ ముక్కుతో నవ్వింది. "అంత పెద్ద దేశానికి మాటలు కరువా? కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, దారం తెగుతుంది. వేటికవి చెప్పుకుంటేనే కదా దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసేది."

"వేటికవీ ఉన్నాయి. ఈ మాట కిందే చూడండి, పర్యాయపదాలు ఇరవై మూడు. నెర్రె పడితే ఒకటి, తునకలైతే ఒకటి, టక్కున విరిగితే ఒకటి, నలిగి పిండైతే ఇంకొకటి. ఏది ఎక్కడ వాడాలో పిల్లలు పరీక్షలో రాయాలి." మాస్టారు కాసేపు ఎర్ర పెన్సిల్ కొనను చూసుకున్నాడు. "నేను బడిలో ఉన్నప్పుడు ఒక అర్థం తప్పితే ఒక దెబ్బ. ఒకరోజు బెత్తం కనిపించక చేత్తో కొట్టాను. ఆ అమ్మాయికి చెవిలో పొర చిరిగింది. ఆ చిరగడానికీ ఒక మాట ఉంది. అది మాత్రం ఆ అమ్మాయి సరిగ్గానే రాసింది."

 బడి ఎందుకు వదిలేశారని అడిగినవాళ్ళకు మాస్టారు గొంతు పోయిందని చెబుతూ ఉంటాడు.

ఓక్‌బున్‌కు ఇంగ్లీషు రాదు. పదకొండేళ్ళుగా ఇంగ్లీషు నిఘంటువులు పేరుస్తున్నా ఆ అక్షరాలు ఆవిడకు ఆకారాలే. కె అంటే కాలెత్తి తన్నబోతున్న మనిషి. కానీ ఆ పక్కనే కొరియన్‌లో ఇచ్చే అర్థాలు చదవగలదు. చదవకుండా పేర్చమంటాడు మేస్త్రీ, చదివితే చెయ్యి నెమ్మదిస్తుందని. మిగతా రోజుల్లో ఆవిడకు అది కష్టం కాదు. ఇవాళ కళ్ళు మాట వినడం లేదు. ఒకటి: ఎముక, కర్ర మొదలైనవి విరుచుట. ఐదు: గుర్రం మొదలైనవాటిని కొట్టి లొంగదీయుట. పన్నెండు: తలుపు బద్దలుకొట్టి లోనికి చొరబడుట. పదమూడు: గుమిగూడినవారిని చెదరగొట్టుట.

పన్నెండు దగ్గర చెయ్యి ఆగింది. పదమూడు పేర్చేసరికి గుక్కెడు నీళ్ళు తాగాలనిపించింది.

ఆవిడకు నలభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. స్టిక్కు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారిపోయింది. చిగుళ్ళ వెంట సీసం తాలూకు సన్నటి నీలిగీత ఉంటుంది. నవ్వితే కనిపిస్తుందని పెదవులు మూసుకునే నవ్వుతుంది. ఎడమ బొటనవేలు కణుపు దగ్గర బయటికి వంగి ఉంటుంది. కూతురు ఇన్‌సూక్ పుట్టిన ఏడాది, ఆడపిల్లను కన్నదన్న కోపంలో, మొగుడు ఆ వేలిని గుమ్మానికీ తలుపుకీ మధ్య పెట్టి తలుపు వేశాడు. అది వంకరగా అతుక్కుంది. స్టిక్కు కదలకుండా నిలవడానికి ఆ వంకర సరిగ్గా సరిపోయిందనీ, ఇలాంటి వేలు అందరికీ ఉంటే బావుండుననీ గూ మేస్త్రీ పనిలో చేరిన రోజే మెచ్చుకున్నాడు. మొగుడు తర్వాత బొగ్గు లారీ కింద పడి పోయాడు. ఏడ్చింది కూడా. ఏడవకపోతే పిల్లకు ఏదైనా కీడు జరుగుతుందేమోనన్న భయంతో ఏడ్చింది.

భయపడటం ఆవిడకు ఊపిరి పీల్చడం లాంటిది. ఇన్‌సూక్‌కు దగ్గొస్తే క్షయ అనుకునేది. బడి నుంచి పావుగంట ఆలస్యమైతే నది ఒడ్డుకు పరుగెత్తేది. పిల్ల పెద్దదై నది అవతల యంగ్‌దుంగ్‌పోలో విగ్గుల ఫ్యాక్టరీలో చేరి హాస్టల్లో ఉంటానన్నప్పుడు, ఏ మిషను ఏ వేలు తీసుకుంటుందో అని వారం రోజులు నిద్రపోలేదు. భయపడ్డవి ఏవీ జరగలేదు. అందుకే మానేయడానికి భయం.

ఇప్పుడు భయపడనక్కర్లేనంతగా జరుగుతోంది. ఆదివారం సెలవు ఇవ్వమనీ, చేయి చేసుకునే సూపర్‌వైజర్‌ను తీసేయమనీ అడిగి, ఆ ఫ్యాక్టరీ ఆడపిల్లలు నూట ఎనభై మంది భోజనాల హాల్లోకి వెళ్ళి లోపలి నుంచి గడియ పెట్టుకున్నారు. ఇవాళ్టికి ఐదు రోజులు. కంపెనీ కరెంటు తీసేసింది, నీళ్ళు ఆపేసింది. ఇన్‌సూక్ లోపలే ఉంది. ఇన్‌సూక్‌కు పందొమ్మిదేళ్ళు.

పొద్దున్నే సెలవు అడిగింది ఓక్‌బున్.

"మేస్త్రీ గారూ, ఒక్క పూట. మధ్యాహ్నం దాకా చాలు. పిల్లను చేయి పట్టుకుని తెచ్చుకుంటాను."

గూ మేస్త్రీ చేతిలో ఎప్పుడూ మూరెడు ఇనుప పట్టీ ఉంటుంది. అచ్చు పేజీల మధ్య బిగించే పట్టీ అది. దాంతో పేజీల కన్నా వేళ్ళ కణుపులు ఎక్కువ బిగిశాయి. ఆ పట్టీతోనే వీపు గోక్కున్నాడు.

"ఇన్‌సూక్ అమ్మా, నీ కూతురికి పని వద్దు కాబట్టి తలుపేసుకుంది. నీకూ వద్దా? ఐదింటికి ఈ తొమ్మిది పేజీలు పబ్లిషరు దగ్గర ఉండాలి. కొరియన్ అక్షరాల కేసు దగ్గర బోంగ్‌సూ లేడు, వాడి పనీ నీదే."

బోంగ్‌సూ ఎందుకు లేడో అందరికీ తెలుసు. నిన్న సాయంత్రం వరుసలో తప్పు దొర్లితే మేస్త్రీ పట్టీ వాడి చూపుడువేలి మీద పడింది. గోరు ఊడి అక్షరాల గడిలో పడింది. ఆ గోరును ఓక్‌బునే ఏరి పారేసింది.

పదకొండింటికి ఖాకీ జాకెట్టు వేసుకున్న ఒకతను లోపలికొచ్చాడు. బూట్లకు బురద. రాగానే పొయ్యి దగ్గరికెళ్ళి చేతులు కాచుకుంటూ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"గోడ నోటీసు. రెండు వందల కాపీలు. పన్నెండున్నరకు నా చేతిలో ఉండాలి."

"పన్నెండున్నరకా? బాబూ, ఇది వేడి వేడి బన్నుల దుకాణం కాదు."

"రెట్టింపు ఇస్తాం. ఒంటిగంటకు గేటు మీద అంటించాలి. మూడింటికి మావాళ్ళు లోపలికెళ్తారు."

గూ మేస్త్రీ ఇంక బేరం ఆడలేదు. "ఇన్‌సూక్ అమ్మా, ఇటు రా," అని కేకేశాడు.

ఖాకీ జాకెట్టు తలెత్తాడు. "ఇన్‌సూకా? మా దగ్గరా ఉంది ఒక ఇన్‌సూక్. నోరు ఇంత ఉంటుంది."

 ఓక్‌బున్ నోరు తనంతట తనే పలికింది. "అదేం దొరకని పేరా బాబూ. మా సందులో గట్టిగా పిలిస్తే ముగ్గురు పలుకుతారు."

అతను నవ్వాడు. ఆవిడ కాగితం అందుకుంది.

కింద తెలిపిన నలభై ఒక్కరిని ఈ రోజు నుంచి పనిలోంచి తొలగించడమైనది. వీరు ఫ్యాక్టరీ ఆవరణలో ఉండటం నేరం. వీరికి ఆశ్రయమిచ్చువారూ శిక్షార్హులు. ఆ కింద పేర్లు, కాగితాల మీద పేర్లు రాసే పద్ధతిలో చైనా అక్షరాల్లో, అంకెలు వేసి. ఆవిడ వేలు ఒకటి, రెండు, మూడు అంటూ దిగింది. పదిహేడు: చో ఇన్‌సూక్.

"ఈ లిస్టు మావాళ్ళ చేతుల్లో కూడా ఉంటుంది," అంటున్నాడు ఖాకీ జాకెట్టు మేస్త్రీతో. సిగరెట్టు అంటించుకున్నాడు. "నూట ఎనభై మందిని ఎవరు బాదుతారు చెప్పు. చేతులు నొప్పి. ఈ నలభై ఒక్కరినీ జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి నాలుగు తగిలిస్తే మిగతావి వాటంతటవే ఇళ్ళకు పోతాయి. పార కర్రలు రెండు కట్టలు తెప్పించాం."

ఓక్‌బున్ చైనా అక్షరాలు కూడా ఉండే కొరియన్ కేసు ముందు నిలబడింది. చేయి నడిచింది. చేతికి ఏమీ పట్టదు. అది గడులను వెతుక్కుంటూ పోతుంది, అక్షరం తీస్తుంది, స్టిక్కులో పడేస్తుంది. పదహారో పేరు అయింది. పదిహేడు అంకె వేసింది. చో అనే అక్షరం ఉన్న గడి ఎడమవైపు, నడుము ఎత్తున. చేయి అటు వెళ్ళలేదు.

మూడు అక్షరాలు తీసి, మూడింటినీ తిరగేసి పెట్టింది. మూడు చెక్కచెప్పులు.

తర్వాత పద్దెనిమిది. ఆ పేరులోనూ ఇరవై మూడులోనూ సూక్ ఉంది. సూక్ గడి నిండా అక్షరాలే. దేశంలో సగం మంది ఆడపిల్లల పేర్లు ఆ అక్షరంతోనే ముగుస్తాయి కాబట్టి అది ఎప్పుడూ ఖాళీ కాదు. ఆ రెండుచోట్లా సూక్ పెట్టింది. పెడితే ఎవరికైనా అనుమానం వస్తుందని అప్పటికి తోచలేదు. ఆ ఇద్దరూ ఎవరో ఒకరి కూతుళ్ళే అన్నది మాత్రం తోచింది. తోచినా చేయి ఆగలేదు. ఆ తల్లులు ఎదురుగా ఉంటే ఏమనేదో ఆవిడకే తెలియదు.

ప్రూఫు యాంగ్ మాస్టారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో పేరూ కొడుతూ దిగాడు. పదిహేడు దగ్గర ఆగాడు.

"ఈ మూడూ లేవా?"

"లేవు మాస్టారూ."

ఆయన కింది వరుసలో ఉన్న సూక్ చూశాడు. ఇంకా కిందికి చూశాడు. తర్వాత తలెత్తి ఓక్‌బున్ మొహం చూశాడు. బొగ్గు పొయ్యి మీద కెటిల్ మూత టకటకా కొట్టుకుంటోంది. ఖాకీ జాకెట్టు గోడ మీది కేలండరు బొమ్మను చూస్తూ పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

మాస్టారు కాగితం అడుగున సంతకం చేశాడు.

గూ మేస్త్రీకి చైనా అక్షరాలు చదవడం రాదు. వాటి ఎత్తూ వరుసా మాత్రమే చూస్తాడు. నల్ల పట్టీలు కనిపించే ఉంటాయి, కానీ గంటలో రెట్టింపు డబ్బు. యంత్రం దబదబా కొట్టుకుంది. సిరా ఆరని కాగితాలను ఖాకీ జాకెట్టు పాత పేపర్లో చుట్టుకుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఓక్‌బున్ మళ్ళీ తొమ్మిది పేజీల దగ్గరికి వచ్చింది. పాత పాఠ్యపుస్తకం తాలూకు పేజీ ఒకటి విడగొట్టి మేస్త్రీ గుప్పెడు కె అక్షరాలు తెచ్చి గడిలో పోశాడు. వాటితో పదకొండు చెక్కచెప్పులనూ ఒక్కొక్కటిగా ఊడబెరికి కె పెట్టింది. వారం రోజుల్లో మొదటిసారి ఛాతీలో కాస్త చోటు దొరికింది. పేరు లేకపోతే పిల్లను ఎవరూ వెతకరు. వెనక వరుసలో ఉంటే, తల వంచుకుని ఉంటే, గుంపుతో పాటు బయటికి తోసేస్తారు. మోకాళ్ళు దోక్కుపోతాయేమో. మోకాళ్ళదేముంది. ఇరవై తొమ్మిది: గంటల తరబడి పనిచేసి కొద్దిసేపు విశ్రమించుట. ముప్పై: మేఘములు తొలగి తెల్లవారుట. ఈ మాటలో ఇలాంటివీ ఉన్నాయన్నమాట అనుకుంది.

"తెల్లవారడం కూడా విరగడమేనా మాస్టారూ?"

"వాళ్ళకంతే." మాస్టారు ఆవిడవైపు చూడటం లేదు. "ఇన్‌సూక్ అమ్మగారూ, ఒకటి అడగనా? ఆ పిల్లలకు లెక్క వచ్చు కదా."

"ఏం లెక్క?"

"ఏమీ లేదు. నాకు అన్నీ చెడ్డగానే తోస్తాయి."

 ఏం లెక్కో ఓక్‌బున్‌కు అర్థం కాలేదు, కానీ ఆ మాట వదల్లేదు. ఆ తర్వాత రెండు వరుసలు పేర్చిందో లేదో, గోడ గడియారం రెండూ పది చూపించింది. స్టిక్కు బల్ల మీద పెట్టి, తలకు కట్టిన గుడ్డ విప్పి, కోటు అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు గూ మేస్త్రీ.

"పిల్ల దగ్గరికి."

"కూర్చో."

"రేపు రెండు రోజుల పని చేస్తాను మేస్త్రీ గారూ."

ఇనుప పట్టీ ముంజేతి మీద పడింది. ఎముక మోగింది, ఆ మోత గదిలో అందరికీ వినిపించింది. రెండో దెబ్బకు చేయి అడ్డం పెట్టబోయి బల్లను ఢీకొంది. పేర్చిన పేజీలు నేలమీద బోర్లా పడి, అరవై ఎనిమిది అర్థాల్లో ముప్పై దాకా ఇసుకలా నలువైపులకూ జారిపోయాయి. అచ్చాఫీసులో అంతకన్నా పెద్ద తప్పు లేదు. చిన్నదానికి కొట్టే మేస్త్రీ పెద్దదానికి కొట్టడం మరిచిపోయి నోరు తెరుచుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"వెళ్ళండి," అన్నాడు యాంగ్ మాస్టారు. అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని అక్షరాలు ఏరుతున్నాడు. "వెళ్ళండమ్మా. నేను పేరుస్తాను."

బస్సులో చేయి వాచడం చూసుకుంటూ కూర్చుంది. వంతెన మీద బస్సు ఆగిపోతుందేమో అనుకుంది. ఆగలేదు. నది ఒడ్డున సన్నటి మంచు అంచు కట్టింది. అవతలి ఒడ్డున దిగేసరికి మూడున్నర.

ఫ్యాక్టరీ గోడ మలుపు తిరగ్గానే అరుపులు వినిపించాయి. అరుపులు అని మనం అంటాం కానీ అది ఒకే ఒక చప్పుడు, ఊపిరి తీసుకోవడానికి కూడా తెగకుండా వస్తోంది. గేటు బార్లా తెరిచి ఉంది. చేతికి తెల్లపట్టీలు కట్టుకున్న మగవాళ్ళు ఒక్కొక్క అమ్మాయిని జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి బస్సుల దగ్గర పడేస్తున్నారు. ఒకతను పార కర్రను రెండు చేతులా పట్టుకుని, బియ్యం దంచుతున్నట్టు ఓపిగ్గా, ఒకే పిల్ల కాళ్ళ మీద కొడుతున్నాడు. ఆ పిల్ల ఎప్పుడో ఊరుకుంది. పోలీసులు రోడ్డుకు అవతలి పక్కన నిలబడి అరచేతులు రుద్దుకుంటున్నారు. నేలంతా చెప్పులు, గరిటెలు, పగిలిన ఊరగాయ జాడీలు, మిరపకారం ఎరుపు ఏదో, రక్తం ఏదో తెలియనట్టుగా.

గోడ వారన మోకాళ్ళు ముడుచుకుని బోక్‌హీ కూర్చుని ఉంది. ఇన్‌సూక్ గది స్నేహితురాలు. రెండుసార్లు ఇంటికొచ్చి భోంచేసింది. కింది పెదవి రెండుగా చీలి ఉంది. ఓక్‌బున్‌ను చూసి మొహం తిప్పుకుంది.

"బోక్‌హీ, ఇన్‌సూక్ ఏది తల్లీ?"

"నన్నడక్కండి."

"వెనక వరుసలోనే ఉంది కదా? బయటికొచ్చేసిందా?"

బోక్‌హీ నేలమీద ఎర్రగా ఉమ్మింది.  తర్వాత ఓక్‌బున్‌తో కాదు, తన మోకాళ్ళతో అన్నట్టుగా అంది.

"ఒంటిగంటకు గేటు మీద లిస్టు పెట్టారత్తా. కిటికీలోంచి దిగి ఒకటి పీకి తెచ్చుకున్నాం. నలభై ఒక్క నంబర్లు. నలభై పేర్లు. ఒకటి కొట్టేసి ఉంది, నల్లగా, పేరు చదవడానికి లేకుండా. అర్జీ మీద సంతకాలు పెట్టిన నలభై ఒక్కరి పేర్లే అవి, అందులో ఎవరుండాలో మాకు తెలుసు కదా. చదువుకుంటూ పోతే ఇన్‌సూక్ ఒక్కతే లేదు. ఆఖరి నిమిషంలో ఎవరు కొట్టేయించుకున్నారో తెలిసిపోయింది అన్నారు అందరూ. మనల్ని అమ్ముకుందన్నారు."

ఓక్‌బున్ ఆ పిల్ల ముందు నేలమీద కూర్చుంది.

"నేనూ అన్నాను. నేనే ముందు అన్నాను. గరిటెలతో కొట్టారు. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టారు. నాకు తెలీదు, నాకు తెలీదు అంటూనే ఉంది. ఎవరు నమ్ముతారు? చివరికి పెన్ను ఇవ్వమంది. ఆ నల్లపట్టీల మీద తన పేరు తనే రాసింది. ఆ కాగితం గుండెకు పిన్నుతో గుచ్చుకుని తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది, అందరికన్నా ముందు. తలుపు విరిగితే మొదటి దెబ్బ ఎవరికి పడుతుందో చూసుకోండే అంది." బోక్‌హీ చీలిన పెదవి తుడుచుకుంది. "చూశాం."

ఓక్‌బున్ ఆ పిల్ల తల మీద చేయి పెట్టింది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. అంతలో మెట్ల మీద ఇన్‌సూక్ కనిపించింది.

నడిచే వస్తోంది. ఎవరూ ఈడ్చుకురావడం లేదు. ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, తప్పతాగిన మనిషిలా జాగ్రత్తగా దిగుతోంది. గుండె మీద కాగితం వేలాడుతోంది. మొహం మీద రక్తం లేదు. చెవి వెనక మాత్రం సన్నటి రక్తపు గీత ఒకటి కాలరులోకి దిగింది. ఓక్‌బున్ పరుగెత్తి నడుము పట్టుకుంది. కళ్ళు, పళ్ళు, చేతులు, వేళ్ళు పదీ తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

"ఎక్కడ తగిలింది? చెప్పు, ఎక్కడ?"

"తలకే అమ్మా. కాసేపు కళ్ళు కనబడలేదు. ఇప్పుడు బానే ఉంది." తల్లి ముంజేయి చూసింది. "నీకేమైంది?"

"బల్ల తగిలింది. ఆసుపత్రికి పోదాం పద."

"ఆసుపత్రిలో పేర్లు రాసుకుని పోలీసులకిస్తున్నారట. ఇంటికెళ్దాం. నాకు నిద్రొస్తోంది."

తెల్లపట్టీలవాళ్ళు తమ పనిలో ఉన్నారు, వీళ్ళను ఎవరూ ఆపలేదు. ఓక్‌బున్ కూతురి గుండె మీది కాగితం విప్పి మడిచి తన కోటు లోపల పెట్టుకుంది. బస్టాపు దగ్గర చిలగడదుంపలు కాల్చే ముసలాయన ఇనుప డ్రమ్ము పక్కన రెండు పెట్టెలు వేసుకుని ఉన్నాడు. ఇన్‌సూక్ ఒక పెట్టె మీద కూర్చుంది. డ్రమ్ము వేడికి మొహం పెట్టింది.

"ఎవరు కొట్టేశారో తెలిస్తే బావుండును," అంది కాసేపటికి. "సూపర్‌వైజరేనేమో. మా మధ్య చిచ్చు పెట్టాలని. వాడికి అంత బుర్ర లేదే."

ఓక్‌బున్ పక్క పెట్టె మీద కూర్చుంది. రోడ్డు మీద ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది.

"నేనే," అంది.

ఇన్‌సూక్ తల తిప్పలేదు.

"ఆ నోటీసు మా దగ్గరికే వచ్చింది. నేనే పేర్చాను. నీ పేరు దగ్గర చెక్కచెప్పులు పెట్టాను. పేరు లేకపోతే నిన్ను కొట్టరనుకున్నాను."

ఇన్‌సూక్ డ్రమ్ము రంధ్రాల్లోంచి ఎర్రగా కనిపించే బొగ్గుల్ని చూసింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది ఓక్‌బున్. నవ్వుతోంది, తల నొప్పి పుట్టినట్టు కళ్ళు గట్టిగా మూసుకుని.

"నీ భయాలు చల్లగుండ అమ్మా. పదో తరగతిలో పరీక్షకు పోతే దార్లో కారు గుద్దుతుందని తలుపు గడియ పెట్టావు. గుర్తుందా?"

"కిటికీలోంచి దూకి పోయావు."

"మడమ బెణికింది. దానికి కూడా నన్నే తిట్టావు." నవ్వు ఆగిపోయింది. "రేపు వచ్చి వాళ్ళకు చెప్తావా? బోక్‌హీకి, అందరికీ. నువ్వే చెప్పాలి. నేను చెప్తే మళ్ళీ కథ అల్లిందంటారు."

"చెప్తాను."

"అందరి ముందూ. పెద్దగా."

"చెప్తానన్నాను కదా."

"సరే. ఇప్పుడు నాకొకటి కొనిపెట్టు. ఐదు రోజులైంది వేడిగా ఏదైనా తిని."

ముసలాయన లావుపాటి దుంపను ఏరి, చిన్న పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు. డబ్బులకు తొందర లేదన్నాడు. ఇన్‌సూక్ దాన్ని రెండుగా తుంచి, కాలుతోందని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఊదుకుని, పసుపు పచ్చటి మధ్యలో కొరికింది. నోరు తెరిచి ఆవిరి వదిలింది. నమలకుండానే ఎడమ భుజం వైపుకు, జారిపోయిన ఆ భుజం మీదికి, తల వాల్చింది.

"అమ్మా, బస్సొస్తే లేపు."

"నిద్రపో," అంది ఓక్‌బున్.

కదిలితే లేస్తుందేమోనని కదల్లేదు. ఇంట్లో ఎంత బొగ్గుందో గుర్తు చేసుకుంది. మంగలి పక్కన ఉండే నాటువైద్యుడిని పిలిస్తే ఎవరికీ చెప్పడు. కొన్నాళ్ళు పిల్లను మా అక్క ఊరు పంపించాలి. అందరి ముందూ ఏమని మొదలుపెట్టాలి? నేను ఇన్‌సూక్ అమ్మను అని మొదలుపెడితే సరిపోతుంది. మొదటి బస్సు నిండుగా వచ్చింది, పోనిచ్చింది. రెండోదీ పోనిచ్చింది, మంచి నిద్రలో ఉందని. భుజం మీద బరువు ఎక్కువైనట్టు అనిపించింది. చిన్నప్పుడూ అంతే, నిద్రపోతే రాయిలా బరువెక్కేది. మెడ దగ్గర తగులుతున్న ఊపిరి వెచ్చదనం ఎప్పుడు ఆగిందో ఆవిడకు తెలియలేదు. గాలి మళ్ళిందనుకుంది.

మూడో బస్సు ఖాళీగా వచ్చి ఆగింది.

"ఇన్‌సూక్, లే. బస్సు."

డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ముసలాయన పటకారు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. పిల్ల మొహంలోకి వంగి చూసి, తల మీది ఉన్ని టోపీ తీశాడు.

ఇన్‌సూక్ ఒడిలోంచి వేడి డ్రమ్ము అంచుకు దొర్లిన దుంపలో పంటి గుర్తు పడిన చోటి నుంచి ఇంకా ఆవిరి వస్తోంది.